నూనె త్రాగు కారు: దాని నిదానము



శంషాబాదున విమానాశ్రయము 2008వ సంవత్సరమునఁ దెఱవఁబడినది. నాఁటినుండి చుట్టుపట్ల గ్రామములందలి యువకు లెందఱో అప్పుచేసి కారు కొని, ప్రయాణికులను నగరమునకుఁ జేర్చి కుటుంబములను బోషించుకొనుచున్నారు. నాఁగలి పట్టిన తండ్రికి ఎద్దు లెట్టివో కొడుకునకుఁ గా రట్టిది. ఎద్దు మేత మానినను, కారు నూనె త్రాగినను ఇల్లు కలవరపడును. అట్టి వ్యాధి నొకదానిని గుఱించి నేఁడు మనవి చేసెదను.

“టర్బో క్రొత్తది వేయించితిమి, అయినను ఇంజను ఆయిలు తగ్గుచునే యున్నది, పొగ నీలముగా వచ్చుచున్నది” అని పలువురు వాపోవుదురు. ఒకరు “క్రొత్త టర్బో నకిలీ” దందురు. మఱొకరు “ఇంజను విప్పవలె” నందురు. రెండును వేల రూపాయల మాటలే. కావున ముందుగా టర్బో యన నేమో తెలియవలెను.

ఇంజను విడుచు పొగ యొక చిన్న చక్రమును ద్రిప్పును. అదే యిరుసు రెండవ కొననున్న చక్రము బయటిగాలి నొత్తి యింజనులోనికిఁ బంపును. గాలి యధికమైనచో ఎక్కువ డీజిలు చక్కఁగా మండి బలము పెరుగును. స్విట్జర్లాండు దేశీయుఁడగు ఆల్ఫ్రెడ్ బూచీ 1905లో దీనికి పేటెంటు పొందెను. 1918లో శాన్‌ఫర్డ్ మాస్ అను నమెరికా దేశీయుఁడు పైక్స్ పీక్ పర్వతముపై, 14,000 అడుగుల యెత్తున, విమానపు టింజనునకు దీనిని గూర్చి పరీక్షించెను.

ఆ యిరుసు నిమిషమునకు 1,00,000 చుట్లు మించి తిరుగఁగలదు. అంతటి వేగమునకు ఆధారము పలుచని నూనెపొర మాత్రమే. నూనె యొత్తిడితో వచ్చి, క్రింది గొట్టముగుండ తన బరువుచేతనే యింజను అడుగు తొట్టిలోనికి జాఱవలెను. ఇదియే కీలకము. ఇరుసు కొనలనున్న రింగులు బిరడావలె నూనెను బంధింపఁజాలవు. దిగుదారి మూసికొన్నచో క్రొత్త టర్బో యైనను నూనెను గ్రక్కును. తూము పూడి చెఱువుకట్ట తెగినచో అది కట్ట దోషమా?

కావున పరీక్షకు వరుస కలదు. మొదటిది, పాత టర్బో చిమ్మిన నూనె యింటర్‌కూలరులోను సైలెన్సరులోను నిలిచి యుండును. కడుగక బిగించినచోఁ గొన్నాళ్లు పొగ వచ్చును. అది దినదినము తగ్గుచు, గేజీపై నూనె తగ్గకున్న భయము లేదు. రెండవది, దిగు గొట్టము వంగినదా, మసి పట్టినదా, అతుకునకుఁ బూసిన జిగురు లోపలికిఁ బొంగినదా చూడవలెను. మూఁడవది, ఇంజను ఊపిరి గొట్టమగు బ్రీదరు. అది పూడినను, పిస్టను రింగు లరిగినను తొట్టిలో నొత్తిడి పెరిగి నూనె దిగుటకు అడ్డుపడును. నాలవది, దుమ్ముపట్టిన గాలి ఫిల్టరు. గాలి యందక టర్బో నూనెను బీల్చును. అయిదవది, నూనెను గుర్తు మించి పోయుట.

ఇవి యన్నియు సరిగా నున్నచో టర్బోనుండి గాలిపోవు గొట్టమును విప్పి చూడవలెను. కొంచెము తడి సహజము. నూనె నిలిచియున్న దోషము. పొగ వెడలు ప్రక్కయుఁ బొడిగా నున్నచో వ్యాధి యింజనుదే. ప్రొద్దున స్టార్టు చేసినపుడు మాత్రమే నీలపు పొగ వచ్చినచో వాల్వు సీలులను, బరువు లాగునపు డెల్ల వచ్చినచో రింగులను శంకించి, కంప్రెషను పరీక్ష చేయింపవలెను.

ఒక హెచ్చరిక. డీజిలు ఇంజను ఈ నూనెనే త్రాగి, తాళము తీసినను ఆఁగక విజృంభింపవచ్చును. బండి నిలిచియున్నపుడు గట్టిగా బ్రేకు త్రొక్కి, పై గేరు వేసి క్లచ్చి విడిచినచో ఇంజను ఆఁగిపోవును. ఆఁగకున్న బండి దిగి దూరముగాఁ బోవలెను; ప్రాణముకంటె బండి గొప్పది కాదు. కావున నీలపు పొగ దట్టమైన కారును మరమ్మతు కాకుండ పెద్ద రస్తాకు తోలరాదు.

వైద్యశాస్త్రమున నిదాన మనఁగా రోగకారణ నిర్ణయము, లోకవ్యవహారమున తొందరపడకుండుట. ఇచట రెండును కావలెను. పాత టర్బో యేల చెడెనో తెలియక క్రొత్తది బిగించినచో అదియు నా దారినే పోవును. మీ యింటి కుఱ్ఱవాఁడు మరల అప్పునకుఁ బోవుటకు ముందు, “దిగు గొట్టము చూచితివా నాయనా?” అని యొక్కమా టడుగుఁడు.