తగ్గినట్టు కనిపించిన తరువాత
ఎల్లాప్రగడ సుబ్బారావు స్మారకోపన్యాసం, ముప్పాళ్ళ



సుబ్బారావు గారి పేరెత్తితే మనం ఆయన మందులన్నీ వరసపెట్టి చెప్పుకుంటాం, నోబెల్ రాలేదని బాధపడతాం. ఆ రెండూ ఈ సాయంత్రం పక్కన పెడుతున్నాను. ముప్పాళ్ళ మండలంలో ఒక పసివాడికి బ్లడ్ క్యాన్సర్ వస్తే, వాడు బతికి బట్టకట్టడానికీ భీమవరంలో 1895లో పుట్టిన ఆ మనిషికీ ఉన్న సంబంధం ఏమిటన్నది ఒక్కటే చెప్పాలని వచ్చాను.

ఎముకల లోపలి మూలుగే మన రక్తానికి పుట్టిల్లు. పెద్దవాళ్ళ మూలుగలో రోజుకు ఇంచుమించు 20,000 కోట్ల ఎర్రకణాలు తయారవుతాయి. తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు వేరే. లుకేమియాలో తెల్లకణాల పిల్లకణం ఒకటి ఎదగడం మానేస్తుంది, రెట్టింపు కావడం మాత్రం మానదు. తుంటి ఎముక నుంచి సూదితో తీసిన చుక్క మూలుగను గాజుపలక మీద పరిచి, రంగు వేసి చూస్తాం. ఆరోగ్యంగా ఉన్న మూలుగలో అన్ని వయసుల కణాలూ కలగలిసి, మధ్య మధ్య కొవ్వు ఖాళీలతో కనిపిస్తాయి. జబ్బు మూలుగలో అన్నీ ఒకే తీరు: పెద్ద ఊదారంగు కేంద్రకం, దాని చుట్టూ సన్నని నీలి అంచు. ఎటు జరిపినా అవే. తక్కిన కణాలకు చోటుండదు. అందుకే పిల్లవాడు పాలిపోతాడు, జ్వరం విడవదు, చర్మం మీద నల్లమచ్చలు తేలతాయి.

మన పల్నాట్లో ఈ లక్షణాలు కనబడగానే ఏం జరుగుతుందో మీకు తెలుసు. వానలు పడ్డాక ప్లేట్‌లెట్లు తగ్గాయంటే డెంగ్యూ అంటారు. పాలిపోతే రక్తం పట్టడానికి టానిక్ రాస్తారు. కాళ్ళనొప్పులని ఏడిస్తే ఆర్‌ఎంపీ ఒక స్టెరాయిడ్ ఇంజెక్షన్ చేస్తాడు. నాకు అన్నిటికన్నా భయం ఈ ఇంజెక్షనే. పిల్లల్లో ఎక్కువగా వచ్చే లింఫోబ్లాస్టిక్ లుకేమియాలో స్టెరాయిడ్ కూడా ఒక మందు. ఒకటి రెండు డోసులకే చెడుకణాలు కరిగి, పిల్లవాడు లేచి ఆడుకుంటాడు. పరీక్షలో జబ్బు దొరకకపోవచ్చు. కొన్ని వారాలకు అది మళ్ళీ వచ్చినప్పుడు మందుకు మునుపటంత సులువుగా లొంగకపోవచ్చు. పదిరోజులు దాటిన జ్వరం, పాలిపోవడం, మచ్చలు, ఈ మూడూ కలిస్తే సూది కన్నా ముందు సీబీసీ అనే రక్తకణాల లెక్క, దానితోపాటు మైక్రోస్కోపు కింద రక్తపు పూత చూడాలి. ఆ పూత చూడడం సత్తెనపల్లిలోనో నరసరావుపేటలోనో కుదిరే పనే.

ఇక సుబ్బారావు గారి దగ్గరికి వస్తాను. ఆయన అన్నదమ్ములను స్ప్రూ అనే పేగుల జబ్బు పొట్టన పెట్టుకుంది. తిన్నది ఒంటపట్టక, రక్తం తరిగిపోయే జబ్బు అది. ఆయనకూ వచ్చింది, ఆచంట లక్ష్మీపతి గారి వైద్యంతో గట్టెక్కారు. మద్రాసులో వైద్యం చదివి, 1922లో బోస్టన్ వెళ్ళి, హార్వర్డ్‌లో ఏళ్ళ తరబడి పనిచేసి, 1940లో లెడర్లీ కంపెనీ ప్రయోగశాలకు మారారు. రక్తహీనతను తగ్గించే పదార్థం కాలేయంలో ఉందని అప్పటికే తెలుసు. అంతకుముందే లూసీ విల్స్ అనే ఇంగ్లీషు డాక్టరు బొంబాయి మిల్లు కూలీల్లో, గర్భిణుల రక్తహీనతకు ఈస్టు సారం పనిచేస్తోందని 1931లో ప్రచురించింది. ఆ రెండింటిలోనూ ఉన్నది ఫోలిక్ యాసిడ్. 1945లో సుబ్బారావు గారి బృందం దాన్ని ప్రయోగశాలలో తయారుచేసింది. స్ప్రూకి మందు దొరికింది. అన్నదమ్ములకు మాత్రం అప్పటికి పాతికేళ్ళు ఆలస్యమైంది.

ఫోలిక్ యాసిడ్ రక్తాన్ని పెంచుతుంది కదా, లుకేమియా పిల్లలకు ఇస్తే? బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ ఆ జాతి మందులు ఇచ్చి చూశాడు. జబ్బు ఉరకలెత్తినట్టు ఆయనకు కనిపించింది. కణం విడిపోవాలంటే డీఎన్‌ఏ కావాలి, డీఎన్‌ఏకి ఫోలేట్ కావాలి. మంచికణానికి పెట్టిన మేత చెడుకణమూ తింటుంది. అలాగైతే ఆ మేతనే ఆపితే? అచ్చం ఫోలిక్ యాసిడ్‌లా కనిపించి, పని మాత్రం చేయని పదార్థాలను సుబ్బారావు గారి బృందం తయారుచేసి పంపింది. నకిలీ మిరప విత్తనం సంగతి మీకు చెప్పనక్కర్లేదు. పాకెట్టు చూసి నమ్మి చల్లినవాడికి మొక్క లేస్తుంది, కాపు రాదు, సీజను పోతుంది. చెడుకణానికి అమినోప్టెరిన్ చేసేది అదే. ఫార్బర్ దాన్ని 1947 డిసెంబరులో మొదలుపెట్టి, 1948 జూన్‌లో 16 మంది పిల్లల వివరాలు అచ్చువేశాడు. 10 మందిలో జబ్బు వెనక్కి తగ్గింది. అంతవరకూ ఈ జబ్బుకు మందు అన్నదే లేదు. రెండు నెలలు దాటగానే, ఆగస్టులో సుబ్బారావు గారు నిద్రలో కన్నుమూశారు. వయసు 53.

ఆ 10 మందిలో జబ్బు నెలల్లోనే తిరగబెట్టింది. ఫార్బర్ దాన్ని దాచలేదు. నా దృష్టిలో ఈ చరిత్ర మొత్తంలో మనకు పనికొచ్చే భాగం ఇక్కడే మొదలవుతుంది. జబ్బు బయటపడేనాటికి ఒంట్లో లక్ష కోట్ల దాకా చెడుకణాలు ఉంటాయి. మొదటి నెల మందులకు మైక్రోస్కోపులో ఒక్కటీ కనిపించకపోయినా, ఇంకా వెయ్యి కోట్ల దాకా మిగిలి ఉండవచ్చు. ఈ లెక్క అర్థమవడానికి శాస్త్రానికి ఇరవై ఏళ్ళు పట్టింది. ఒక మందు చాలదు, నాలుగైదు కలపాలి. మెదడు చుట్టూ దాక్కున్న కణాలనూ వెంటాడాలి. తగ్గినట్టు కనిపించాక కూడా రెండు మూడేళ్ళు మందు ఆపకూడదు. అమెరికాలోని మెంఫిస్‌లో డొనాల్డ్ పింకెల్ 1960ల చివర్లో ఇవన్నీ ఒక్కచోట చేర్చినప్పుడు, దాదాపు సగం మంది పిల్లలు పూర్తిగా నయమయ్యారు. ఈనాడు ధనిక దేశాల్లో పదిమందిలో తొమ్మిది మంది బతుకుతున్నారు.

ఆ రెండు మూడేళ్ళూ ఇంట్లో మింగే మందులు ప్రధానంగా రెండు. రోజూ మింగే మెర్కాప్టోప్యూరిన్, వారానికోసారి మింగే మెథోట్రెక్సేట్. రెండోది సుబ్బారావు గారి ప్రయోగశాలలో పుట్టిన అమినోప్టెరిన్‌కు తోడబుట్టినది. చిన్న మాత్ర, ఖరీదు తక్కువ. కానీ వారానికోసారి వేయాల్సినదాన్ని పొరపాటున రోజూ వేస్తే నోరంతా పుండ్లు పడి, మూలుగ ఎండిపోయి, ప్రాణం మీదికి వస్తుంది. క్యాలెండర్‌లో ఆ రోజు చుట్టూ ఎర్ర గుండ్రం గీసి పెట్టుకోమని తల్లులకు చెబుతాను. మెర్కాప్టోప్యూరిన్‌దీ మరో చిక్కు. ఎన్‌యుడిటి15 అనే జన్యువులో తేడా ఉన్న పిల్లలకు మామూలు డోసే ఎక్కువై రక్తకణాలు కుప్పకూలతాయి. ఆ తేడా యూరపువాళ్ళలో అరుదు, మన ఆసియా వాళ్ళలో ఎక్కువ. 2014, 2015లలో ఇది తేలింది. పాశ్చాత్య పుస్తకంలోని డోసు మన పిల్లలకు సరిపోలేదంటే తప్పు పిల్లలది కాదు.

ఇంతకీ పిల్లలు ఎక్కడ జారిపోతున్నారు? మొదటి నెల గడిచి, జుట్టు మొలిచి, బుగ్గలు నిండి, బడికి పోతానన్నప్పుడు. వాడికేం, బాగానే ఉన్నాడు, ఇంకా ఆ విషపు మందులెందుకు అంటారు పెద్దలు. మిరప కోతల్లో కూలి పోగొట్టుకుని గుంటూరో హైదరాబాదో ఎవరు తిప్పుతారు? ఆ తల్లిదండ్రులది నిర్లక్ష్యమని నేను అనను. ఆసుపత్రి ఖర్చుకీ మందులకీ 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవ అయిన పథకం ఉంది. గుంటూరు పెద్దాసుపత్రిలో నాట్కో ట్రస్టు కట్టించిన క్యాన్సర్ విభాగం ఉంది. బస్సు చార్జీ, పోయిన కూలి మాత్రం చాలావరకు ఇంటి మీదే పడతాయి. ఆ లోటు పూడ్చేది ఊరే.

నాట్కో అన్నాను కనుక ఒక మాట. పెద్దవాళ్ళలో వచ్చే దీర్ఘకాలిక మైలాయిడ్ లుకేమియాకు 2001లో ఇమాటినిబ్ వచ్చింది. రోజుకో మాత్రతో ఏళ్ళకేళ్ళు మామూలు బతుకు. అప్పట్లో పేటెంటు కంపెనీ మందు నెలకు లక్ష పైచిలుకు. గుంటూరు జిల్లా గొల్లమూడిపాడు బిడ్డ నన్నపనేని వెంకయ్య చౌదరి గారి నాట్కో 2003లో తెచ్చిన మందు పదివేల లోపు. పేటెంటు వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్ళి, 2013 ఏప్రిల్ 1న చౌక మందు పక్షాన తీర్పు వచ్చింది. చేను అమ్మకుండా ఈ మాత్ర మింగుతున్న రైతులు ఉన్నారంటే ఆ తీర్పు వల్లే. వాళ్ళకూ చెప్పేది ఒకటే, ఒంట్లో బాగుందని ఆపవద్దు.

లింఫోబ్లాస్టిక్ లుకేమియా తిరగబెట్టినవాళ్ళకు దారి మూసుకుపోలేదు. మూలుగ మార్పిడి ఉంది. రోగి సొంత తెల్లకణాలకే వేట నేర్పి తిరిగి ఎక్కించే కార్-టి వైద్యాన్ని ఐఐటీ బొంబాయి, టాటా మెమోరియల్ కలిసి తయారుచేస్తే, 2023 అక్టోబరులో దానికి దేశంలో అనుమతి వచ్చింది. అదీ లక్షల్లో పని. అంతదాకా పోకుండా, వారానికి ఒకరోజు మింగే ఆ చిన్న మాత్రలు మానకుండా చూడడానికి, మన మండలంలో ఏ ఇంట ఈ వైద్యం నడుస్తుందో ఆశా కార్యకర్తకు తెలియాలి, బడి పంతులుకు తెలియాలి. మందులు వాడుతుండగా జ్వరం వస్తే తెల్లారేదాకా ఆగకుండా అర్ధరాత్రయినా బండి కట్టే మనిషి ఒకరు ఆ వీధిలో ముందే ఒప్పుకుని ఉండాలి.