వెలుతురు చేసిన లెక్క



కొండవీటి దగ్గర ఎవరు మైకు పట్టుకున్నా రెడ్డిరాజులతో మొదలుపెట్టడం ఆనవాయితీ. నేను ఆ జోలికి పోను. శ్రీనాథుడి గురించి మీ తెలుగు మాస్టారు నాకంటే బాగా చెబుతారు. ఇవాళ పట్టాలు అందుకుంటున్న మీకు నేను భాగవతుల విజయకుమార్ గారి గురించి చెబుతాను. ఇంటిపేరు వినగానే మనవారని తెలిసిపోతుంది. ఐఐటీ కాన్పూర్‌లో చదివి, అమెరికాలోని కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో 1980లో పీహెచ్‌డీ చేశారు. 1982లో అక్కడే అధ్యాపకులయ్యారు. ఆయన పట్టుకున్న ప్రశ్న చిన్నదే: ఈ బొమ్మలో మనం వెతుకుతున్నది ఉందా, ఉంటే ఎక్కడ?

అప్పటి కంప్యూటర్‌కి ఒక ఫొటో అంతా గాలించడం తలకు మించిన పని. గాజు కటకానికి మాత్రం కాదు. ఫిల్మ్ మీది బొమ్మ గుండా లేజర్ కాంతి పంపి, ముందు కటకం పెడితే, దాని నాభితలంలో పడేది ఆ బొమ్మ ఫోరియర్ ట్రాన్స్‌ఫామే. గణితం ఎం-త్రీ పేపర్లో మీచేత పేజీలకు పేజీలు రాయించిన ఆ ఇంటిగ్రల్‌ను కటకం, కాంతి నాభితలం చేరేలోపే పూర్తిచేస్తుంది. ఆ తలంలో, వెతికే ఆకారంతో తయారుచేసిన హోలోగ్రామ్ ఫిల్టర్ పెట్టి, ఇంకో కటకం చేరిస్తే, ఆ ఆకారం ఉన్నచోట వెలుగు చుక్క వస్తుందని మిషిగన్‌లో వాండర్ లుగ్ట్ 1964లో పత్రం ప్రచురించాడు.

మన లిపితోనే చూద్దాం. ఒక పేజీలో ‘ప’ ఎక్కడుందో కనిపెట్టమన్నాం. ‘ప’ దగ్గర చుక్క మెరుస్తుంది. సంతోషం. ‘ష’ దగ్గరా మెరుస్తుంది, ఎందుకంటే ‘ష’ కడుపులో ‘ప’ ఉంది. ‘ఫ’ దగ్గరా అంతే. పోనీ పేజీని కాస్త వంకరగా పెట్టండి, అసలైన ‘ప’ దగ్గరే చుక్క వెలవెలబోతుంది. కానిదాన్ని ఔననకూడదు, ఔనైనదాన్ని వదలకూడదు. ప్యాటర్న్ రికగ్నిషన్‌లో తలనొప్పంతా ఇదే.

ఒకే వస్తువును రకరకాల కోణాల్లో చూపించి, అన్నిటినీ ఒకే ఫిల్టర్‌లో ఇమిడ్చే దారి అప్పటికే ఉంది. అలాంటి ఫిల్టర్ మచ్చలనీ మరకలనీ తట్టుకోవాలంటే ఎలా కట్టాలో విజయకుమార్ గారు 1986లో లెక్క తేల్చారు. 1987లో అభిజిత్ మహలనోబిస్, డేవిడ్ కాసాసెంట్‌లతో కలిసి, చుట్టూ ఉన్న వెలుగును అణచి చుక్కను పదునెక్కించే ‘మేస్’ ఫిల్టర్‌ను ప్రకటించారు. చిక్కేమిటంటే ఈ రెండు గుణాలూ ఒకచోట ఇమడవు. చుక్క పదునెక్కినకొద్దీ ఫిల్టర్ ప్రతి మరకకీ బెదిరిపోతుంది. ఎంత పదును, ఎంత ఓర్పు అన్న బేరం కుదర్చడానికి ఈ రంగంలో ఏళ్లు పట్టింది.

ఇంతలో కంప్యూటర్ చిప్పులు వేగం పుంజుకున్నాయి. అదిరితే లెక్క చెడే కాంతి పరికరాల బల్లలు, వెంట్రుకవాసి తేడా వచ్చినా కుదరని కటకాలు ప్రయోగశాల గడప దాటలేకపోయాయి. కాంతి కంప్యూటర్ మన బల్ల మీదికి రాలేదు. యంత్రాన్ని నమ్ముకున్నవాళ్ల సంగతి అక్కడితో సరి. లెక్కను నమ్ముకున్న విజయకుమార్ గారి పని మాత్రం ఆగలేదు, ఎందుకంటే ఆ సమీకరణానికి గాజు అయినా, సిలికాన్ అయినా ఒకటే. అవే ఫిల్టర్లు ముఖాలను, కనుపాపలను గుర్తుపట్టే పనికి మళ్లాయి. 2005లో మహలనోబిస్, రిచర్డ్ జూడేలతో కలిసి ఆయన రాసిన ‘కోరిలేషన్ ప్యాటర్న్ రికగ్నిషన్’ కేంబ్రిడ్జ్ ప్రచురణగా వచ్చింది. 2010లో కొలరాడో పరిశోధకులు ఇదే కోవ ఫిల్టర్‌తో వీడియోలో కదిలే వస్తువును వెంబడించి చూపారు. ఆ తర్వాత విజయకుమార్ గారు కిగాలీ వెళ్లి, కార్నెగీ మెలన్ ఆఫ్రికా శాఖకు డైరెక్టర్‌గా పనిచేశారు. ఇప్పుడు ఏఐ తినే కరెంటు చూసి గుండె గుభేలుమన్నవాళ్లు మళ్లీ కాంతి వైపు చూస్తున్నారు. ఈసారైనా గడప దాటుతుందేమో చూద్దాం.

ఇంటి దగ్గర సంగతి కూడా ఒకటుంది. అచ్చులోని తెలుగు అక్షరాలను యంత్రంచేత చదివించడంపై రాజశేఖరన్, బి.ఎల్. దీక్షితులు 1977లోనే పత్రం ప్రచురించారు. ఇవాళ ఆ పని మీ జేబులోని ఫోను చేస్తోంది. రాతి మీద అరిగిన అక్షరం ముందు మాత్రం అది ఇంకా తడబడుతూనే ఉంది. రాయి మీద నేరుగా పడే ఎండలో తీసిన శాసనం ఫొటోలో రాయే తప్ప రాత కనబడదు. వెలుతురు పక్కనుంచి ఏటవాలుగా పడితేనే గీతల్లో నీడ చేరి అక్షరం పైకి తేలుతుంది.

మీలో కొందరికి ఉద్యోగంలో చేరడానికి ఇంకా వ్యవధి ఉంది. పురావస్తు శాఖ అనుమతి తీసుకుని కొండవీటి శాసనాల దగ్గరికి వెళ్లండి. రాయి మీద సుద్ద రుద్దకండి, నూనె పూయకండి. ఫోనును స్టాండుకు బిగించి, సాయంత్రం పూట టార్చిలైటును ఒక్కో పక్కనుంచి వేస్తూ ఒక్కో ఫొటో తీయండి. ఏ అక్షరం ఏదో శాసనాలు చదవగలిగిన పెద్దలను అడిగి పేర్లు రాయించండి. యంత్రానికి ఆ అక్షరాలు నేర్పమని, ఆ ఫొటోలన్నీ మీ జూనియర్లకు అప్పగించి వెళ్లండి.