అడిగినప్పుడే చెప్పే మెయిల్‌బాక్స్

2020 జనవరి 7న మడికొండ ఐటీ సెజ్‌లో సైయంట్, టెక్ మహీంద్రా కంపెనీల క్యాంపస్‌లు మొదలయ్యాయి. పొద్దంతా కంప్యూటర్ ముందు కూర్చునే పని హైదరాబాద్‌లోనే కాదు, మన కాజీపేట పక్కన కూడా ఉందిప్పుడు. ఆ పని చేసేవాళ్లకైనా, ఆ పని కోసం ఎదురుచూసేవాళ్లకైనా ఒక్క మెయిల్ అడ్రస్‌తో సరిపోదు. చదివిన కాలేజీ ఇచ్చింది ఒకటి, సొంతానికి ఒకటి, ఉద్యోగ దరఖాస్తుల్లో రాసేది ఒకటి, బ్యాంకుకూ రైలు టికెట్లకూ ఇంకొకటి. అన్నీ ఒకే ఫోన్‌లో ఉంటాయి, అన్నీ వేళాపాళా లేకుండా మోగుతాయి. మెయిల్ వచ్చిందా లేదా అని మనం అడగాలి గానీ, అది మనల్ని పిలవకూడదు. అలా అడగడానికి కమాండ్ లైన్ చాలా మంచి సాధనం. కమాండ్ లైన్ అంటే ఏమీ లేదు, బొమ్మలూ బటన్లూ లేని తెర మీద ఒక వరుస టైపు చేసి ఎంటర్ కొట్టడమే.

ముందు మనసు సంగతి చూద్దాం. ఫోన్ మోగితే తీయకపోతే సరి, నష్టమేముంది అనుకుంటాం. అమెరికాలోని ఫ్లోరిడా స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు 2015లో ప్రచురించిన ప్రయోగంలో, ఏకాగ్రత కావాల్సిన పని చేస్తున్నవాళ్ల ఫోన్లు మోగాయి. ఫోన్ ముట్టుకోకపోయినా వాళ్ల పనిలో తప్పులు పెరిగాయి. ఎవరై ఉంటారు, ఏమై ఉంటుంది అన్న ఆలోచన ఒక్కటే చాలు, చేతిలో పని చెదరడానికి. అదే ఏడాది కెనడాలో కుష్లెవ్, డన్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 124 మందితో చేసిన మరో ప్రయోగాన్ని వెలువరించారు. ఒక వారం రోజుకు మూడుసార్లే మెయిల్ చూడాలి, ఇంకో వారం ఎన్నిసార్లయినా చూడొచ్చు. మూడుసార్లే చూసిన వారంలో వాళ్లకు ఒత్తిడి తగ్గింది. కుష్లెవ్ కూడా ఉన్న బృందం 2019లో మరో అధ్యయనం వెలువరించింది. అందులో ఫోన్ నోటిఫికేషన్లను మూటగట్టి రోజుకు మూడుసార్లు అందించినవాళ్లకు ఏకాగ్రత, ఉల్లాసం పెరిగాయి. నోటిఫికేషన్లు పూర్తిగా ఆపేసినవాళ్లకు మాత్రం ఏదో పోగొట్టుకుంటున్నామన్న ఆందోళన ఎక్కువైంది. ఈ చివరి మాట నాకు చాలా ముఖ్యంగా తోస్తుంది. ఫోన్ మూసిపెట్టమని పిల్లల్ని గదమాయించడంతో పని కాదు. తెలుసుకునే దారి ఉండాలి, ఆ వేళ మన చేతిలో ఉండాలి.

ఆ దారి కొత్తదేం కాదు. 1986లో స్టాన్‌ఫోర్డ్ యూనివర్సిటీలో మార్క్ క్రిస్పిన్ ఐమ్యాప్ అనే పద్ధతిని రూపొందించారు. అందులో ఉత్తరాలు సర్వర్ దగ్గరే ఉంటాయి, మన కంప్యూటర్ వెళ్లి అడుగుతుంది. అడిగే మాటల్లో స్టేటస్ అనేది ఒకటి. స్టేటస్, ఇన్‌బాక్స్, అన్‌సీన్ అని పంపితే, చదవనివి నాలుగున్నాయి అని ఒక్క అంకె తిరిగొస్తుంది. పెట్టె తెరుచుకోదు, చదవనిది చదివినట్టు మారిపోదు. కర్ల్ అనే ఉచిత ప్రోగ్రాంతో ఈ ప్రశ్నను ఒకే వరుసలో పంపొచ్చు. నాలుగు పెట్టెలకు నాలుగు వరుసలు రాసి ఒక ఫైల్‌లో పెట్టుకుంటే, ఆ ఫైల్ పేరు కొట్టగానే తెర మీద ఒకదాని కింద ఒకటిగా కాలేజీ సున్నా, సొంతం మూడు, ఉద్యోగం ఒకటి, బిల్లులు పదకొండు అని కనిపిస్తాయి. కొన్ని సెకన్ల పని. అక్కడ పంపినవారి పేరు ఉండదు, మీ ఖాతా మూసేస్తున్నాం అని భయపెట్టే శీర్షిక ఉండదు. యాప్ తెరిస్తే ముందుగా కంటబడేవి అవే. కంగారులో లింకు నొక్కి మోసపోయేదీ అక్కడే.

ఇన్‌బాక్స్‌లో ఎప్పటివో వేల మెయిళ్లు చదవకుండా పడున్నాయి, ఆ అంకెతో ఏం తెలుస్తుంది అని ఎవరైనా అడగొచ్చు. న్యాయమైన ప్రశ్న. దానికీ ఐమ్యాప్‌లో జవాబుంది. అన్‌సీన్‌కు బదులు యూఐడీనెక్స్ట్ అని అడిగితే, తర్వాత రాబోయే మెయిల్‌కు పడే నంబరు చెబుతుంది. కొత్తది చేరితే తప్ప ఆ నంబరు మారదు. కిందటిసారి వచ్చిన నంబరును రాసి ఉంచుకుని పోల్చితే, ఏ పెట్టెలో కదలిక ఉందో తేలిపోతుంది.

పాస్‌వర్డ్ విషయంలో మాత్రం నిజంగా జాగ్రత్త కావాలి. కమాండ్‌లోనే పాస్‌వర్డ్ టైపు చేస్తే అది కంప్యూటర్ దాచుకునే పాత కమాండ్ల జాబితాలో ఉండిపోతుంది, తర్వాత కూర్చున్నవాళ్లు బాణం గుర్తు నొక్కితే బయటపడుతుంది. ఇలాంటి ప్రోగ్రాంలకు అసలు పాస్‌వర్డ్ ఇవ్వడాన్ని గూగుల్ 2022లో ఆపేయడం మొదలుపెట్టింది. రెండంచెల తనిఖీ పెట్టుకున్నవాళ్లు పదహారు అక్షరాల యాప్ పాస్‌వర్డ్ విడిగా తీసుకోవచ్చు. లాప్‌టాప్ పోతే ఆ యాప్ పాస్‌వర్డ్ ఒక్కదాన్నే రద్దు చేసుకోవచ్చు. దాన్ని మీరు తప్ప ఇంకెవరూ చదవలేని ఫైల్‌లో ఉంచండి. ఆఫీసు మెయిల్‌ను ఈ జాబితాలో చేర్చకండి. సంస్థ నియమాలు ఒప్పుకోకపోవచ్చు, ఒప్పుకున్నా ఇంట్లో వేళను ఆఫీసుకు రాసివ్వడమే అవుతుంది.

అర్జెంటు కబురు వస్తే ఎలా అన్నది తల్లిదండ్రుల ప్రశ్న. ఇంటర్వ్యూ రేపే అని ఈరోజు సాయంత్రం మెయిల్ రావడం లేకపోలేదు. ఉద్యోగ వేటలో ఉన్నవాళ్లు ఆ ఒక్క పెట్టెకు ఫోన్ మోతను ఉంచుకోవచ్చు, తక్కిన మూడింటికీ తీసేయొచ్చు. ప్రాణం మీదికొచ్చిన మాట ఎవరూ మెయిల్‌లో రాసి ఊరుకోరు, ఫోన్ చేస్తారు.

కాస్త ప్రోగ్రామింగ్ వచ్చినవాళ్లకు ఒక ఆశ పుడుతుంది. ఆ ఫైల్‌ను ఐదు నిమిషాలకోసారి దానంతటదే నడిచేలా పెట్టి, అంకె మారగానే మోత మోగిస్తే ఎలా ఉంటుందని. లినక్స్‌లో, చెప్పిన వేళకు ప్రోగ్రాంను నడిపే క్రాన్‌తో అది తేలికే. ఈ ఆశ పాతదే. 1980 నాటి బర్క్‌లీ యూనిక్స్‌లోనే బిఫ్ అనే కమాండ్ ఉండేది. మెయిల్ రాగానే, చేస్తున్న పని మధ్యలో తెర మీదికి వచ్చి చెప్పేది. కానీ దాన్ని తయారుచేసినవాళ్లు బిఫ్ పక్కన ఎన్ అనే అక్షరం కొడితే దాని నోరు మూయించే వీలు కూడా అప్పుడే పెట్టారు. క్రాన్ వాడదలిస్తే వాడండి. పొద్దున తొమ్మిదికి, మధ్యాహ్నం భోజనాలయ్యాక, సాయంత్రం ఆరుకు నడవమని రాయండి. మోత వద్దు, అంకెల్ని ఒక ఫైల్‌లో రాసిపెట్టమనండి. మీకు తీరినప్పుడు తెరిచి చూసుకోవచ్చు.