బరువు బండికి తగి యుండవలెను
(పంచాయతీ సభ్యుల శిక్షణ సమావేశమునందలి ప్రసంగ పాఠము)

పంచాయతీ సభ్యులారా!

పూర్వము మన గ్రామములలో బరువు మోసినది ఎడ్లబండి. నేడు ధాన్యము, ఎరువులు, సిమెంటు, ఇసుక పికప్ బండ్లమీద సాగుచున్నవి. బండి మారినను బరువు స్వభావము మారలేదు. ఎడ్లబండిలో బరువు వెనుకకు పడినచో కాడి పైకి లేచి, పట్టెడ ఎద్దుల గొంతు నొక్కును. ఈ సంగతి మీలో పెద్దలకు మేము చెప్పనక్కరలేదు. పికప్ బండికిని అంతే. వెనుక ఇరుసు దాటి బరువు నిలిపినచో ముందు చక్రములు తేలికయగును. స్టీరింగు పట్టు తప్పును. కావున బరువైన వస్తువులను తొట్టి అడుగున, వెనుక ఇరుసునకు ముందువైపున, కుడియెడమల సమముగా పేర్చి, మోకులతో బిగించి కట్టవలెను. తేలిక వస్తువులు వాటిపై నుండవలెను.

ఎంత బరువు వేయవచ్చును? బండి ఆర్.సి.లో ఖాళీ బండి బరువును, సరకుతో కూడ ఉండదగిన మొత్తము బరువును వ్రాసియుండును. మొత్తము 3,000 కిలోలు, ఖాళీ బరువు 1,700 కిలోలు అనుకొందము. మిగులునది 1,300 కిలోలు. అందులో డ్రైవరునకు, తోడు వచ్చువానికి 150 కిలోలు పోగా 1,150 కిలోలు. అనగా 50 కిలోల సిమెంటు బస్తాలు 23 మాత్రమే. ఇసుక సంగతి మరియొకటి. ఒక ఘనపు మీటరు ఇసుక సుమారు 1,600 కిలోలు తూగును. తొట్టి సగము కాళీగా కనబడినను బండి మోయగలిగినంత బరువు అప్పటికే పడియుండవచ్చును. అనుమానమున్నచో కాటామీద తూచి చూడవలెను.

అదనపు కమాను పట్టీలు వేయించితిమి, భయము లేదని కొందరందురు. పట్టీలు బండి కుంగకుండ ఆపునే గాని, బ్రేకులకు, టైర్లకు, ఇరుసునకు కొత్త బలము నీయవు. వేగము రెట్టింపైనచో బండి నాపుటకు బ్రేకులు నాలుగు రెట్లు శ్రమింపవలెను. కావున బరువుతో నున్నపుడు నిదానముగా నడపవలెను. పల్లమున దిగునపుడు తక్కువ గేరులో దిగవలెను. బయలుదేరకమునుపే టైర్లలో గాలి చూచుకొనవలెను.

ఇనుప ఊచలు సాధారణముగా 12 మీటర్ల పొడవున వచ్చును. వాటిని చిన్న తొట్టిలో వేసి, చివరకు ఎర్రగుడ్డ కట్టినంతమాత్రమున అపాయము తొలగదు. కొట్టులోనే కోయించుట గాని, పొడవైన బండిని పిలిపించుట గాని మేలు. మోటారు వాహనముల చట్టమునకు 2019లో చేసిన సవరణలో అధిక బరువునకు 20,000 రూపాయలు, ఎక్కువైన ప్రతి టన్నునకు మరి 2,000 రూపాయలు జుల్మానా విధించిరి.

అన్నిటికంటె ముఖ్యమైన మాట ఒకటి కలదు. మిరప కోతలకు, పత్తి తీతలకు పోవు కూలీలను తొట్టిలోను, బస్తాలమీదను ఎక్కించుట చూచుచున్నాము. బండి ఒరిగినచో మొదట పడువారు వారే. సరకుల బండిలో ఊరక ఎక్కిన ప్రయాణికులకు బీమా కంపెనీ బాధ్యత వహింపనక్కరలేదని సుప్రీంకోర్టు 2002లో తీర్పు చెప్పినది. 1994 సవరణవలన సరకు యజమానికి, అతని ప్రతినిధికి మాత్రము రక్షణ కలదు. పరిహారము బండి యజమానియే ఇచ్చుకొనవలసి వచ్చినపుడు, అతనికి శక్తి లేనిచో ఆ కూలి కుటుంబమునకు చేతికందునదేమి?

కావున సభ్యులారా, రెండు పనులు మీ చేతిలో నున్నవి. పంచాయతీ పనులకు బండి కుదుర్చునపుడు ఎన్ని బస్తాలు వేయవలెనో ముందే కాగితముమీద వ్రాయించుడు. కోతల కాలము రాకమునుపే, కూలీలను సరకుల బండ్లలో ఎక్కింపరాదని దండోరా వేయించి, సీట్లున్న బండ్లను కుదుర్చుకొనునట్లు రైతులకు నచ్చచెప్పుడు. ఒక విడత అదనముగా తిరిగిన డీజిలు ఖర్చు రైతు మరల సంపాదించుకొనగలడు. పొద్దున పనికి పోయినవారు సాయంకాలమునకు ఇల్లు చేరునట్లు చూచుట గ్రామ పెద్దలుగా మన విధి.