గాలికి ఎదురు తొక్కినవాడు



మా పొలసరలో నా చిన్నతనాన బతుకంతా సైకిలు మీదే నడిచేది. పాలు వచ్చేది సైకిలు మీద, చేపలు వచ్చేది సైకిలు మీద. వడ్లు మిల్లుకు పోవాలన్నా, జ్వరం తగిలిన పిల్లవాణ్ణి డాక్టరుగారి దగ్గరకు తీసుకుపోవాలన్నా కేరియరే గతి. నేను బడిపంతులుగా ముప్పై ఏళ్ళు ఒకే సైకిలు తొక్కాను. ఉద్యోగం అయిపోయింది. ఇప్పుడు కుడి మోకాలు మొరాయిస్తోంది. "నాన్నా, ఇంక దాన్ని అమ్మేయండి, పడితే ఎవరు చూస్తారు?" అని మా అబ్బాయి పోరు పెడుతున్నాడు. వాడి మాటలో తప్పు లేదు. కాని ఆ మాట విన్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అప్పుడు నాకు జ్ఞాపకం వచ్చినవాడు యెన్స్ ఫోగ్ట్ అనే జర్మనీ సైకిలు వీరుడు. ఈ పూట ఆయన కథ మీకు మనవి చేస్తాను.

మన ఒరిస్సాకు సైకిలు పందాలు కొత్త కావు. 1978–79 సంవత్సరానికి అర్జున అవార్డు అందుకున్న మినతి మహాపాత్ర సైకిలు పోటీల క్రీడాకారిణే. అయితే సైకిలు తొక్కడమే జీవనోపాధిగా పెట్టుకున్నవాళ్ళు యూరప్‌లోనే ఎక్కువ. వాళ్ళకు అన్నిటికన్నా పెద్ద పందెం ఫ్రాన్స్‌లో జరిగే టూర్ ద ఫ్రాన్స్. 1903లో మొదలైంది. మూడు వారాల్లో ఇరవై ఒక్క అంచెలుగా, సుమారు మూడువేల నాలుగు వందల కిలోమీటర్లు, మధ్యలో ఆల్ప్స్ కొండలు, పిరనీస్ కొండలు దాటుతూ తొక్కాలి.

ఈ పందెంలో ఒక విచిత్రం ఉంది. గెలిచేది ఒక్కడే అయినా తొక్కేది జట్టు. ఎదురుగాలిలో సైకిలు తొక్కినవారికి దీని మర్మం చెప్పనక్కరలేదు. ముందు ఒకడు గాలిని చీల్చుకుంటూ పోతుంటే, వాడి వెనుక చక్రాన్ని అంటుకుని పోయేవాడికి శ్రమ మూడో వంతు దాకా తగ్గుతుంది. అందుకని జట్టులో ఒక నాయకుణ్ణి పెట్టుకుని, తక్కినవాళ్ళు వంతులవారీగా గాలికి ఎదురు నిలుస్తారు. నాయకుడికి నీళ్ళ సీసాలు మోసుకొస్తారు. నాయకుడి చక్రం పాడైతే తమ చక్రం విప్పి ఇస్తారు. వీళ్ళను ఫ్రెంచి భాషలో పనివాళ్ళు అనే అంటారు. మన ఫోగ్ట్ బతుకులో ఎక్కువ భాగం అటువంటి పనివాడే.

ఆయన 1971 సెప్టెంబరు 17న అప్పటి తూర్పు జర్మనీలో పుట్టాడు. 1997లో వృత్తి క్రీడాకారుడైనాడు. 1998 నుంచి 2014 దాకా ఒక్క ఏడూ తప్పకుండా పదిహేడుసార్లు టూర్ ద ఫ్రాన్స్ తొక్కాడు. ఆ పందెం మొత్తాన్ని ఎన్నడూ గెలవలేదు. 2001లోను, 2006లోను ఒక్కొక్క అంచె గెలిచాడు. అందరికన్నా ముందున్నవాడు తొడుక్కునే పసుపు చొక్కాను 2001లోను, 2005లోను కొద్దికాలం తొడుక్కున్నాడు. అలసట ముంచుకొచ్చినప్పుడు "నోళ్ళు మూసుకోండి కాళ్ళూ!" అని తన కాళ్ళనే గదమాయించేవాడు. ఆ మాట ఆయనకు బిరుదు లాగా నిలిచిపోయింది.

2006లో ఇటలీ దేశపు పందెంలో జరిగిన సంగతి ఒకటి చెప్పాలి. ఆయన జట్టు నాయకుడు వెనుక గుంపులో ఉన్నాడు. ఫోగ్ట్, స్పెయిన్ దేశస్థుడు గారాతే, ఇద్దరూ ముందు ఉన్నారు. నాయకుడి క్షేమం కోసం ఫోగ్ట్ ముందుకు వచ్చి గాలికి వంతు పట్టలేదు. వెనుకనే ఉండిపోయాడు. అంటే చివర్లో ఆయన కాళ్ళల్లో సత్తువ మిగిలే ఉంది. ఒక్క తోపు తోస్తే విజయం ఆయనది కావచ్చు. తోయలేదు. నేను శ్రమ పడలేదు, పడినవాడే గెలవాలి అని గారాతేను గెలవనిచ్చాడు. చట్టం ఏదీ అలా చెయ్యమనలేదు, మనస్సు చెప్పింది.

2009 టూర్‌లో కొండ దిగుతుండగా పడిపోయాడు. ముఖం రోడ్డుకు గీసుకుపోయింది, దవడ పైని ఎముక విరిగింది. అప్పటికి ఆయన వయస్సు ముప్పై ఏడు. ఇంటి దగ్గర పెళ్ళాం, పిల్లలు. ఇక చాలునని అందరూ అనుకున్నారు. మరుసటి ఏడు మళ్ళీ వచ్చాడు. మళ్ళీ పిరనీస్ కొండ దిగుతుండగా ముందు టైరు పేలి పడ్డాడు. సైకిలు పనికిరాకుండా పోయింది. జట్టు కార్లు ముందుకు వెళ్ళిపోయాయి. వెనుకబడినవాళ్ళను ఎక్కించుకునే బండి వచ్చి పక్కన నిలిచింది. ఆ బండి ఎక్కితే పందెం అయిపోయినట్టే. ఆయన ఎక్కలేదు. ఎవరో కుర్రవాడు తొక్కే పసుపురంగు చిన్న సైకిలు దొరికితే, మోకాళ్ళు మునగదీసుకుని, రక్తం కారుతూ దాని మీదే కొంత దూరం పోయాడు. దారిలో ఒక పోలీసు దగ్గర జట్టువాళ్ళు వదిలిపెట్టిన సైకిలు అందుకుని ఆనాటి అంచె పూర్తి చేశాడు.

ఇక విరమణ మాట. 2014 టూర్ మొదటి రోజునే, నలభై రెండేళ్ళ వయస్సులో, గుంపు విడిచి ముందుకు దూకి, కొండలు ఎక్కడంలో మొదటివాడికి ఇచ్చే చుక్కల చొక్కా సంపాదించాడు. ఆగస్టులో అమెరికాలో ఆఖరి రోడ్డు పందెం. అక్కడా ఒంటరిగా ముందుకు పోయాడు. ఇంకొక్క కిలోమీటరు లోపున గుంపు వచ్చి మింగేసింది. తరువాత నలభై మూడో పుట్టినరోజు మర్నాడు, సెప్టెంబరు 18న, స్విట్జర్లాండులోని గ్రెంషెన్ ఊళ్ళో, గుండ్రటి బాట మీద ఒక గంటలో ఎంత దూరం తొక్కగలనో చూస్తానన్నాడు. అప్పటికి ఉన్న రికార్డు 49.700 కిలోమీటర్లు. ఈయన 51.110 కిలోమీటర్లు తొక్కాడు. మన లెక్కలో సుమారుగా బరంపురంలో బయలుదేరి ఇచ్ఛాపురం వెళ్ళి మళ్ళీ బరంపురం వచ్చేంత దూరం, ఒక్క గంటలో! ఆ గంటలో మాత్రం ముందు ఎవ్వరూ లేరు, వెనుక ఎవ్వరూ లేరు. పదిహేడేళ్ళు ఇతరుల కోసం చీల్చిన గాలిని ఆనాడు తన కోసం చీల్చాడు. దిగి, సైకిలు వృత్తికి సెలవు చెప్పాడు.

ఆ రికార్డు ఎన్నాళ్ళు నిలిచిందంటారా? ఆరు వారాలు. అక్టోబరు 30న ఆస్ట్రియా యువకుడు బ్రెండ్లె దాటేశాడు. 2022లో ఇటలీ వాడు గాన్నా అదే గ్రెంషెన్‌లో 56.792 కిలోమీటర్ల దాకా తీసుకుపోయాడు. ఫోగ్ట్ ఏమీ బాధపడలేదు. తరువాత టెలివిజన్‌లో పందాల వ్యాఖ్యాతగా కనిపిస్తూ వచ్చాడు.

శ్రోతలారా, నేను ఇందులో నేర్చుకున్నది ఇది. బండి ఎక్కించుకుంటామన్నప్పుడు ఎక్కకపోవడం ఒక ధైర్యం. గంట కొట్టగానే దిగిపోవడం ఇంకొక ధైర్యం. మొదటిది నాకు తెలుసు. రెండోది ఇప్పుడు నేర్చుకోవాలి. మా సైకిలుకు మొన్ననే గొలుసుకు నూనె వేయించాను. అమ్మలేదు. సంతదాకా మాత్రం తొక్కుతాను, ఎత్తు వస్తే దిగి నడిపించుకుపోతాను. సాయంత్రంపూట మా మనవడు కడ్డీ కిందనుంచి కాలు దూర్చి దాన్ని తొక్కడం నేర్చుకుంటున్నాడు. పడతాడు, లేస్తాడు. నేను అరుగు మీద కూర్చుని చూస్తూ ఉంటాను.