గ్రామ జనసంఖ్య – రాకపోకల మార్గములు
(వార్షిక మహాసభ యందు గావించిన ఉపన్యాసము)

  

మన కులస్థులలో పలువురు పట్టణవాసులైనను, మన మూలములు పల్లెలయందే యున్నవి. 2011వ సంవత్సరపు జనాభా లెక్కల ప్రకారము భారతదేశమున నూటికి దాదాపు 69 మంది గ్రామవాసులే. కావున గ్రామమున జనమెందరు, గ్రామమునకు దారి యేది యను రెండు ప్రశ్నలను గూర్చి కొంత విన్నవింప దలచితిని. ఇవి వేర్వేరు విషయములుగా తోచును గాని, యొకటి రెండవదానిని శాసించుచున్నది.

గౌతమీ తీరమందలి కోటిపల్లిని జూడుడు. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైన పిదప గోదావరి కాలువలు పొలములకు నీటిని, పడవలకు బాటను గూడ నొసగినవి. 1928లో కాకినాడనుండి కోటిపల్లికి రైలుమార్గము వచ్చెను. పండ్రెండేండ్లకే, 1940లో, యుద్ధావసరములకై ఆ పట్టాలను పెరికి గొనిపోయిరి. మరల రైలు వచ్చుట 2004లో. అనగా ఆ పట్టాలు పోయిననాడు పుట్టిన బిడ్డ మనుమల నెత్తుకొను వయస్సునకు వచ్చెనన్నమాట! ఒకసారి వచ్చిన మార్గము శాశ్వతమని నమ్మి యూరకుండరాదని దీనివలన తెలియుచున్నది. ఎల్లప్పుడు అడుగుచుండవలెను.

అడుగుటకు ఆధారమేది? జనసంఖ్యయే. 2000 డిసెంబరు 25న ప్రారంభమైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన మైదానములందు 500 మందికి తక్కువ గాని పల్లెలను, కొండ ప్రాంతములందు, గిరిజన ప్రాంతములందు 250 మందికి తక్కువ గాని పల్లెలను పక్కా బాటకు అర్హములుగా నిర్ణయించినది. 2024లో ఆమోదము పొందిన నాలుగవ దశకు 2011 నాటి లెక్కలే ఆధారము.

ఇందొక చిక్కు గలదు. గణన దినములన్నియు ఊరు విడిచియున్నవారు తామున్న చోటనే లెక్కింపబడుదురు. 2011లో గణన ఫిబ్రవరి 9 మొదలు 28 వరకు జరిగెను. సంక్రాంతి దాటిన వెనుక మెట్టప్రాంతముల కూలిజనము వలసపోవు కాలమదియే. 520 మంది గల శివారు పల్లెనుండి నలుగురేసి గల పదునైదు కుటుంబములు పోయినచో, లెక్కకు వచ్చువారు 460 మందే. బాట లేక పని దొరకదు. పని దొరకక జనము పోవుదురు. జనము పోయినందున బాట రాదు!

2021లో జరుగవలసిన గణన కోవిడ్ వలన నిలిచిపోయినది. 2027 మార్చి 1ని ప్రమాణదినముగా నిర్ణయించుచు 2025 జూన్ 16న ప్రకటన వెలువడినది. స్వాతంత్ర్యము వచ్చిన పిదప జనాభా లెక్కలలో కులములన్నిటిని నమోదు చేయ సంకల్పించుట ఇదియే మొదలు. కాన మనవా రెందరను ప్రశ్న మీ మనస్సులందు మెదలుట సహజము. ఐనను మన ఊరివా రెందరను ప్రశ్న అంతకంటె ముఖ్యము. బాట ఒక్క కులమునకై వేయబడదు, అది ఊరందరిది. ప్రసవవేదన పడు స్త్రీని ఆసుపత్రికి జేర్చు బండికి కులముతో పనిలేదు.

కావున ప్రతి గ్రామశాఖవారును మూడు పనులు చేయవలెనని కోరుచున్నాను. మొదటిది, శివారు పల్లెలతో సహా ఇంటింటి జనమును వ్రాసి, ఏ నెలలో ఎందరు వలసపోవుదురో ఆ పట్టికలో చూపుట. ఒకరిని రెండుచోట్ల లెక్కలో వ్రాయించుట అధర్మము. వలస సంగతిని వేరుగా నిరూపించుటయే న్యాయము. రెండవది, బస్సు నిలుచు చోటు, ఉన్నతపాఠశాల, ఆసుపత్రి ఎంతెంత దూరమో, వానకాలమున ఏ వాగు దారి నాపునో గుర్తించుట. మూడవది, ఆ పట్టికను గ్రామసభ తీర్మానముతో అధికారులకు సమర్పించుట.

వదాన్యులగు పోషకులు సత్రములను, విద్యార్థి వసతిగృహములను నిర్మించి కీర్తి గాంచిరి. బాట పడువరకైనను బాలికలు ఉన్నతపాఠశాలకు బోవుటకు ఒక్కొక్క పల్లెకొక బండి నేర్పరచినచో ఆ కీర్తి ద్విగుణమగును.