నీటి పురుగుకు పేరు చెప్పేదెవరు?

బ్యోబ్లింగెన్ చుట్టుపక్కల ఉండే మన కుటుంబాలకు వేసవి వస్తే బ్లాక్ ఫారెస్ట్ యాత్ర మామూలే. అక్కడ ఫెల్డ్‌బెర్గ్ కొండ ఒడిలో, సుమారు 1,100 మీటర్ల ఎత్తున ఫెల్డ్‌జీ అనే సరస్సు ఉంది. పూర్వం హిమానీనదం తొలిచిన గుంట అది. అరుదైన నీటిమొక్కలను కాపాడటానికి అందులో ఈత నిషేధించారు. మరి ఇలాంటి కొండ సరస్సుల అడుగున రాళ్ళకింద పాకే పురుగుల్లో ఏవి అరుదైనవో ఎలా తెలుస్తుంది?

మొదటి దారి, రూపం చూడటం. తోకలో రెండు పోగులుంటే స్టోన్‌ఫ్లై పిల్ల. మూడుంటే సాధారణంగా మేఫ్లై. ఇసుకరేణువులతో, పుల్లలతో గూడు కట్టుకుని మోసుకు తిరిగితే కాడిస్‌ఫ్లై. ఇంతవరకూ మన పిల్లలు కూడా భూతద్దంతో చెప్పేయగలరు. చిక్కంతా ఆ తరవాతే. కచ్చితంగా ఏ జాతో తేలాలంటే, చాలావాటిలో ఎదిగిన మగపురుగు జననాంగాలను సూక్ష్మదర్శినిలో చూడాలి. నీటిలో దొరికేవేమో పిల్లపురుగులాయె!

రెండోది డి.ఎన్.ఎ. దారి. సి.ఓ.ఐ. అనే ఒక్క జన్యువులో సుమారు 650 అక్షరాలు చదివి చాలా జంతుజాతులను గుర్తుపట్టవచ్చని 2003లో కెనడాలోని గ్వెల్ఫ్ విశ్వవిద్యాలయానికి చెందిన పాల్ హెబర్ట్ బృందం ప్రతిపాదించింది. దుకాణంలో సరుకు మీది బార్‌కోడ్ లాంటిదన్నమాట. పురుగు కాలు ఒక్కటి ఉన్నా చాలు.

అయితే బార్‌కోడ్ చూపించగానే పేరు రావాలంటే, ఆ పేరు ముందే ఎవరో కంప్యూటర్లో ఎక్కించి ఉండాలి కదా! ఆ ఎక్కించేది రూపం చూసి జాతిని పోల్చగల నిపుణులే. వాళ్ళు తప్పు పేరు పెడితే యంత్రం కూడా అదే తప్పు చెబుతుంది. ఈ జాబితా తయారుచేయడానికే జర్మనీలో 2011లో జర్మన్ బార్‌కోడ్ ఆఫ్ లైఫ్ మొదలైంది. మన పక్కనున్న స్టుట్‌గార్ట్ ప్రకృతి శాస్త్ర మ్యూజియం కూడా అందులో పాలుపంచుకుంది.

ఇంత శ్రమ దేనికంటారా? అమెరికాలోని గ్లేసియర్ నేషనల్ పార్కులో, సరస్సుల్లో కాకపోయినా మంచు కరిగి పారే వాగుల్లో, జపాడా గ్లేసియర్ అనే స్టోన్‌ఫ్లై ఉంది. దాని పిల్లలను రూపం చూసి దగ్గరి జాతులనుంచి వేరుచేయలేరు. 2011-2013 మధ్య రూపమూ డి.ఎన్.ఎ. రెండూ కలిపి వెతికితే, పూర్వం ఉన్న ఆరు వాగుల్లో ఒక్కదానిలోనే దొరికింది. కొత్తగా మరో రెండు చోట్ల కనబడింది. 2019లో అక్కడి ప్రభుత్వం దానిని ముప్పు పొంచి ఉన్న జాతిగా ప్రకటించి చట్టరక్షణ కల్పించింది. పేరు తేలకపోతే ఆ రక్షణ ఎవరికి ఇస్తారు?

ఈసారి కొండ సరస్సుకు వెళ్ళినప్పుడు ఒడ్డునే నిలబడి పిల్లలకు నీళ్ళలోకి చూపించండి. రక్షిత ప్రాంతంలో దేనినీ పట్టకండి, రాళ్ళు కదపకండి. మ్యూజియానికి కూడా ఒకసారి తీసుకువెళ్ళండి. జన్యువులు చదివే యంత్రాలకు కొదవ లేదు. పురుగును చూసి పేరు చెప్పగల కళ్ళకే కొరత. ఆ కళ్ళు రేపు మన పిల్లలవి ఎందుకు కాకూడదు?